సరుకు కావాలి, బండి వద్దు!

2024 జనవరి మొదటి వారంలో హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన వాహనాలను దేశమంతా టీవీ తెరల మీద చూసింది. ప్రమాదం చేసి పోలీసులకు చెప్పకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలుశిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 106(2) నిబంధనకు నిరసనగా లారీ, ట్యాంకరు డ్రైవర్లు స్టీరింగ్ వదిలిపెట్టిన రోజులవి. పెట్రోలు దొరకని ఒక డెలివరీ కార్మికుడు చంచల్‌గూడలో గుర్రమెక్కి పార్శిల్ అందించడానికి బయలుదేరితే ఆ దృశ్యం చూసి జనం నవ్వుకున్నారు. కేంద్రం దిగివచ్చింది. 2024 జూలై 1న కొత్త శిక్షాస్మృతి అమల్లోకి వచ్చినా ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టింది. బంకులు తెరుచుకున్నాయి, బారులు తొలగిపోయాయి, డ్రైవరును నగరం మళ్లీ మరిచిపోయింది.

బండి ఆగినప్పుడు మాత్రమే గుర్తుకువచ్చే ఈ మనిషి, బండి నడిచే రోజుల్లో నగరంలో ఏ హోదాతో తిరుగుతున్నాడన్న ప్రశ్న ఆ చర్చలో ఎవరికీ పట్టలేదు. తెల్లవారేసరికి పాలు, కూరగాయలు, మందులు, గ్యాస్ సిలిండర్లు తన ముంగిట ఉండాలని ప్రతి నగరమూ కోరుకుంటుంది. వాటిని తెచ్చే బండి మాత్రం కంటికి కనిపించకూడదనుకుంటుంది. ఈ రెండు కోరికల నడుమ పుట్టినవే నో ఎంట్రీ బోర్డు, ప్రవేశ అనుమతి పత్రం, చలానా. దీనిని ట్రాఫిక్ సమస్యగా మాట్లాడుకోవడం అలవాటైంది గానీ దీని మూలం రాజకీయంలో ఉన్నది. నగరంలో ఎవరికి దారి ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు ఓటున్నవాడి మాటే చెల్లుతుంది. లారీ డ్రైవరు ఓటు అతని ఊళ్లో ఉంటుంది.

గుంటూరు నుంచి ఢిల్లీ దాకా

స్వేచ్ఛా వాణిజ్యం ఈ దేశానికి కొత్త ఆదర్శమేమీ కాదు. భారత భూభాగమంతటా వాణిజ్యం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగంలోని 301వ అధికరణ చెబుతున్నది. అయినా దశాబ్దాల పాటు నగర పొలిమేరల్లో ఆక్ట్రాయ్ నాకాలు, రాష్ట్ర సరిహద్దుల్లో చెక్‌పోస్టులు లారీలను గంటల తరబడి నిలబెట్టాయి. ముంబయి నగరం 2017 జూన్ 30 వరకు ఆక్ట్రాయ్ వసూలు చేసింది. ఆ మర్నాడు జీఎస్‌టీ అమల్లోకి రావడంతో ఆ నాకాలు మూతపడ్డాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది. 2021 అక్టోబరులో ప్రధానమంత్రి గతిశక్తి, 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటితమయ్యాయి. ఒకే దేశం, ఒకే మార్కెట్ అన్న మాట ప్రతి వేదిక మీదా వినిపించింది.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో లోడెక్కిన లారీ వెంట ప్రయాణిస్తే ఆ మాట ఎక్కడిదాకా నిజమో తెలుస్తుంది. నేషనల్ పర్మిట్ ఉన్న ఆ లారీ అరడజను రాష్ట్రాలు దాటి దేశ రాజధాని పొలిమేర చేరుతుంది. అక్కడ ఆగిపోతుంది. పగటివేళ భారీ వాహనానికి ప్రవేశం లేదు గనుక రాత్రి కోసం కాచుకోవాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు లెక్కన గడువు నిర్ణయించే ఈ-వే బిల్లు మాత్రం ఆగదు. బండి కదలకపోయినా దాని గడియారం తిరుగుతూనే ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల దేశం ఇచ్చిన దారిని చివరి ఇరవై కిలోమీటర్ల నగరం ఇవ్వదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటి సందర్భాలను చూసే పుట్టి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవమూ దీనికి భిన్నం కాదు. విభజన తరువాత రెండు రాష్ట్రాల లారీలూ అటూ ఇటూ తిరగడానికి వీలుగా ఒకే వార్షిక పర్మిట్ ఇవ్వాలని యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. అది కనీసం ముఖ్యమంత్రుల స్థాయిలో ప్రస్తావనకు నోచుకునే కోరిక. నగరం లోపల ఏ వీధిలోకి ఏ వేళ వెళ్లవచ్చునన్న ప్రశ్నకు ఆపాటి వేదిక కూడా లేదు.

అధికారం ఎవరిది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ఈ ఆంక్షలకు ఆధారం. ప్రజల భద్రత కోసం లేదా సౌకర్యం కోసం అవసరమనుకుంటే ఒక ప్రాంతంలోనో, ఒక రోడ్డు మీదనో ఫలానా తరగతి వాహనాలు నడవకుండా రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ నిషేధించవచ్చు. ఆ ఉత్తర్వును గెజిట్‌లో ప్రకటించాలి. నెల రోజులకు మించని ఆంక్షయితే గెజిట్ కూడా అక్కరలేదు, స్థానికంగా తెలియజేస్తే చాలు. ఆచరణలో ఈ అధికారం చలాయించేది ట్రాఫిక్ పోలీసు విభాగం. ప్రజల సౌకర్యం అన్న మాటలో ఏ ప్రజలున్నారన్నది చట్టం చెప్పలేదు. కారులో ఆఫీసుకు వెళ్లే ఉద్యోగి సౌకర్యం అందులో చేరిపోయింది. దుకాణానికి బియ్యం బస్తా దించే హమాలీ సౌకర్యం చేరలేదు.

నగర పాలక సంస్థకు ఇందులో పాత్ర ఎంత? 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలతో పన్నెండో షెడ్యూలును చేర్చింది. రోడ్లు, వంతెనలు అందులో ఉన్నాయి. పార్కింగ్ స్థలాలు, బస్‌స్టాపులు కూడా ఉన్నాయి. ఆ రోడ్డు మీద ఏ బండి ఏ వేళ నడవాలో నిర్ణయించే అధికారం లేదు. దుకాణ భవనానికి అనుమతి ఇచ్చేది ఒక శాఖ, వ్యాపార లైసెన్సు ఇచ్చేది ఇంకొక విభాగం, వాహనానికి ఫిట్‌నెస్ ఇచ్చేది రవాణా శాఖ, ఆ వాహనం దుకాణం ముందు ఆగితే చలానా రాసేది పోలీసు. ఢిల్లీలోనైతే ఆ పోలీసు విభాగం కేంద్ర హోం శాఖ కింద పని చేస్తుంది. ఎన్నికైన కార్పొరేటరు దగ్గరికి వెళ్లి మొర పెట్టుకుంటే, అది తన చేతిలో లేదని అతను చెప్పేది అక్షరాలా నిజం.

పర్మిట్ అన్న మాట దగ్గరే సామాన్యుడు తికమకపడతాడు. సరుకు వాహనానికి రవాణా శాఖ ఇచ్చే పర్మిట్ ఒకటి. నిషిద్ధ వేళల్లో నిషిద్ధ దారిలో నడవడానికి పోలీసులు ఇచ్చే ప్రవేశ అనుమతి వేరొకటి. మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు వాహనానికి మొదటి పర్మిట్ అవసరమే లేదని చట్టంలోని 66వ సెక్షన్ మినహాయింపునిచ్చింది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనం లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చిచెప్పింది. జీవనోపాధి కోసం అప్పు చేసి చిన్న బండి కొనుక్కున్న యువకుడికి పార్లమెంటు, న్యాయస్థానం తెరిచిన తలుపులివి. నగరంలోని నో ఎంట్రీ బోర్డు వాటిని రోజుకు రెండు పూటలా మూస్తుంది.

నేరం చిన్నది, శిక్ష పెద్దది

2019 సెప్టెంబరు 1 నుంచి అమలవుతున్న సవరణ ఈ మూసిన తలుపుకు ముళ్లకంపను కూడా చేర్చింది. 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుతో నడిపినా, 115వ సెక్షన్ కింద విధించిన ఆంక్షను ఉల్లంఘించినా జరిమానా రూ.20,000. అంతకుముందు అది రూ.2,000 నుంచి మొదలయ్యేది. టన్నుల కొద్దీ అదనపు బరువుతో వంతెనలను కుంగదీసే టిప్పర్, పావుగంట ముందుగా బజారులోకి వచ్చిన ట్రాలీ ఆటో, ఈ రెండూ ఒకే వాక్యంలో ఒకే నేరస్థులయ్యాయి. రాజీ రుసుమును తగ్గించుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉన్న మాట నిజమే. అంటే డ్రైవరు చెల్లించే మొత్తం అతను చేసిన తప్పును బట్టి గాక అతను నిలబడిన రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఇంత పెద్ద జరిమానా చట్టాన్ని కాపాడుతుందని భావించేవారు రోడ్డు మీద జరిగేదాన్ని చూడాలి. ఇరవై వేల చలానాకు, కొన్ని వందల మామూలుకు మధ్య ఎంచుకోమంటే కిరాయి బండి నడిపేవాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. జరిమానా పెరిగిన కొద్దీ దాన్ని రాయకుండా ఉండే అధికారానికి ధర పెరుగుతుంది.

ప్రవేశ అనుమతి తీసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. కాగితం మీద అది సరళమే. రిజిస్ట్రేషన్, బీమా, ఫిట్‌నెస్, కాలుష్య ధ్రువపత్రాలు జతచేసి, ఏ సరుకును ఏ దారిలో ఏ వేళ తెస్తారో చెప్పి దరఖాస్తు చేసుకోవాలి. ఢిల్లీ వంటి చోట్ల అది ఆన్‌లైన్‌లోకి కూడా వచ్చింది. చిక్కు ఎక్కడున్నదంటే, ఆ అనుమతి వాహనం నంబరుకు ముడిపడి ఉంటుంది. సొంత వాహనాలున్న పెద్ద సంస్థకు అది ఏడాదికోసారి గుమాస్తా చేసే పని. చిన్న కిరాణా వ్యాపారికి సొంత బండి ఉండదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సరుకు దిగిన రోజున అడ్డా మీద ఏ ట్రాలీ దొరికితే అదే అతని బండి. ఏ నంబరు వస్తుందో అతనికే తెలియనప్పుడు ఏ నంబరుకు అనుమతి అడుగుతాడు? నిబంధన అందరికీ ఒకటే. దాన్ని పాటించగల స్తోమత మాత్రం కొందరికే ఉన్నది.

ఆంక్షలు అక్కరలేదా?

అక్కరలేదనడం బాధ్యతారాహిత్యం. పిల్లలు బడికి వెళ్లే వేళ ఇరుకు రోడ్డు మీద భారీ వాహనం మృత్యువుతో సమానం. డీజిల్ పొగ కల్పన కాదు. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోకి వచ్చే వాణిజ్య వాహనాల మీద పర్యావరణ పరిహార రుసుము విధించడానికి కారణం ఉన్నది. ఢిల్లీతో పని లేని లారీలు కూడా దగ్గరి దారి అని రాజధాని మధ్యనుంచి వెళ్లేవి. ఆ రుసుముతో పాటు, 2018లో తూర్పు, పశ్చిమ పరిధీయ ఎక్స్‌ప్రెస్‌వేలు పూర్తయి వాటికి ప్రత్యామ్నాయం దొరికింది. దాటిపోయే లారీని బయటి దారికి మళ్లించడం న్యాయమైన ఆంక్ష, ఎందుకంటే దారి చూపించి వద్దన్నారు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు చేస్తున్న మేలు కూడా ఇదే.

నగరం తినడానికి వచ్చే సరుకుకు ఈ తర్కం వర్తించదు. అది దాటిపోయేది కాదు, దిగవలసినది. పది టన్నుల లారీని వద్దంటే ఆ పది టన్నులు ఆవిరైపోవు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి చోటా హాథీ అన్న ముద్దుపేరుతో వీధివీధికీ విస్తరించిన ముప్పావు టన్ను బండ్లలోకి ఆ సరుకు మారాలంటే పద్నాలుగు ట్రిప్పులు కావాలి. రోడ్డు మీద ఒక బండి తగ్గి పద్నాలుగు బండ్లు పెరుగుతాయి. దించి ఎక్కించే కూలి రెండింతలవుతుంది. ఆ ఖర్చంతా చివరకు కిలో కందిపప్పు ధరలో కలుస్తుంది. ఇవాళ ఆ చిన్న బండ్లకు తోడు ప్రతి గల్లీలో భుజాన సంచితో పరుగెత్తే ద్విచక్ర వాహనాలు వచ్చాయి. లారీని ఆపి నగరం సాధించినది సరుకును ముక్కలు చేయడం మాత్రమే.

ఢిల్లీ చాందినీ చౌక్ ఈ వివాదానికి రెండు వైపులనూ చూపిస్తుంది. ఎర్రకోట వైపు నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్ల దారిని పునర్నిర్మించి 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు మోటారు వాహనాలు నిషిద్ధం. నడిచేవారికి ఆ వీధి వరమే. ఫతేపురి పక్కనే ఉన్న ఖారీ బావ్లీ దేశంలోకెల్లా పెద్ద మసాలా దినుసుల బజారు. అక్కడి పరిసరాల సరుకు కదలిక రాత్రికి జరిగింది. దానితో పాటు హమాలీ నిద్ర, డ్రైవరు ఆరోగ్యం కూడా రాత్రికి జరిగాయి. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. పగలంతా పొలిమేరలో కాచుకుని రాత్రంతా దింపుడు పనిలో ఉండే మనిషికి ఆ 8 గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి?

ఆంక్షల వెనుక ఉన్నది ఎప్పుడూ లారీ భయమే అనుకోవడానికి కూడా లేదు. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను, తోపుడు బండ్లను నిషేధించారు. పొగ వదలని, ఎవరినీ చంపని బండి మీద పాలు, పత్రికలు వేసుకుని బతికేవారు ఆ నిషేధం కింద నలిగారు. ఢిల్లీ ప్రభుత్వం 2021 మార్చిలో విద్యుత్తుతో నడిచే తేలికపాటి సరుకు వాహనాలకు సుమారు 250 రోడ్ల మీద వేళల ఆంక్షల నుంచి మినహాయింపు ఇవ్వడం స్వాగతించదగినది. కానీ కొత్త బండి కొనగలిగినవాడికి దొరికిన ఆ మినహాయింపు, పాత బండి వాయిదాలు ఇంకా తీరనివాడికి దొరకలేదు.

ఖాళీ లారీ నేర్పిన పాఠం

2020 లాక్‌డౌన్ ఈ వ్యవస్థనంతా ఒక్కసారిగా బట్టబయలు చేసింది. నిత్యావసరాల లారీలను వదలమని కేంద్రం చెప్పింది. సరుకు దించి తిరిగివెళుతున్న ఖాళీ లారీలను మాత్రం ఎక్కడికక్కడ ఆపేశారు. ఖాళీగా వెళ్లకపోతే మళ్లీ నిండుగా ఎలా వస్తుందన్న ఇంగితం కాగితంలో రాసి లేదు మరి. లారీ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా వదలాలని, విడిగా పాసులు అడగరాదని కేంద్ర హోం శాఖ ఆ ఏప్రిల్ నెలలో రాష్ట్రాలకు మళ్లీ మళ్లీ లేఖలు రాయవలసి వచ్చింది. అనుమతి అన్నది హక్కుగా గాక దయగా నడిచే చోట, కాగితంలో లేని ప్రతిదీ నేరమవుతుందని ఆ వారాలు నిరూపించాయి.

ఆ పాఠం నుంచి చేయవలసిన పనులు కష్టమైనవి కావు. వాహనాలు ఎక్కడ, ఎంతసేపు ఆగవచ్చునో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని అదే చట్టంలోని 117వ సెక్షన్ ఇస్తున్నది. 115ను ధారాళంగా వాడిన ప్రభుత్వాలు 117ను మరిచిపోయాయి. హైదరాబాద్ బేగంబజార్‌లో గాని, విజయవాడ వన్‌టౌన్‌లో గాని దుకాణం ముందు పావుగంట బండి ఆపి బస్తాలు దించుకోవడానికి గీత గీసి కేటాయించిన చోటు ఎక్కడున్నదో వెతకాలి. టోకు వ్యాపారాన్ని ఊరి బయటికి తరలించడం ఒక మార్గమే. విజయవాడ వ్యాపారుల కోసం గొల్లపూడిలో టోకు మార్కెట్ సముదాయం వెలిసింది కూడా. అయితే టోకు ఎంత దూరం తరలినా చిల్లర కొట్టు వీధిలోనే ఉంటుంది, దాని ముందు బండి ఆగక తప్పదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, దించుకోవడానికి చోటివ్వని నగరానికి ఆగినందుకు జరిమానా వేసే నైతిక హక్కు లేదు.

పార్లమెంటు ఇంతకుముందే ఒక దారి చూపింది. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలుండాలి. ఆ చట్టం అమలులో లోపాలు ఎన్ని ఉన్నా, బతుకుదెరువు మీద ఆంక్ష విధించే బల్ల దగ్గర బతికేవాడికి కుర్చీ ఉండాలన్న సూత్రాన్ని అది చట్టంలో రాసింది. సరుకు రవాణాకు కూడా ప్రతి నగరంలో అలాంటి సంఘం ఉండాలి. చిన్న బండ్ల డ్రైవర్లు, హమాలీలు, చిల్లర వర్తకులు, కాలనీవాసులు, పోలీసులు, కార్పొరేషన్ అందులో కూర్చోవాలి. ఆంక్షలన్నీ వీధి పేరు, వేళ, కారణంతో సహా ఒకేచోట తెలుగులో, ఆయా ప్రాంతాల భాషల్లో ప్రకటించాలి. అనుమతిని వాహనం నంబరుకు గాక సరుకు అందుకునే దుకాణానికి ఇవ్వాలి. దరఖాస్తుకు గడువు పెట్టి, ఆ లోగా జవాబు రాకపోతే ఆమోదించినట్టు భావించాలి. వేళ తప్పిన చిన్న బండిని అధిక లోడు లారీతో కట్టకుండా 194వ సెక్షన్‌ను పార్లమెంటు విడదీయాలి.

ఇవేవీ ఏ మునిసిపల్ ఎన్నికల ప్రణాళికలోనూ ముఖ్యాంశాలుగా కనిపించవు. ఫ్లైఓవర్ కోరేవారికి ఆ వార్డులో ఓటున్నది, రాత్రివేళ దాని కింద నిద్రపోయే క్లీనరుకు లేదు. ప్రజాస్వామ్యం ఓట్ల లెక్కతో నడిచినంతకాలం ఓటు లేనివాడి పక్షాన నిలబడగలిగింది రాసిపెట్టిన నియమం ఒక్కటే.

తెలుగు నేలకు అది తెలియని సంగతి కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. దాని మీద ఓటర్లెవరూ లేరు. ఉన్నదల్లా పరాయి దేశాల నుంచి వచ్చిపోయే వర్తకులు. వారి సరుకును ఇష్టానుసారం లాక్కోబోమని, సుంకం ఇంతేనని ముందే నిర్ణయించి ఆ రాజు రాతి మీద చెక్కించాడు. నగర ద్వారం దగ్గర నిలబడిన లారీ డ్రైవరు కూడా అంతకంటే ఎక్కువ అడగడం లేదు. ఏ వేళ రావచ్చో, ఎక్కడ ఆగవచ్చో, ఎంత కట్టాలో ముందే చెప్పమంటున్నాడు. ఆ మూడు మాటలు చెప్పలేని నగరానికి, ఉదయం ఆరు గంటలకల్లా గుమ్మంలో పాల ప్యాకెట్ ఉండాలని కోరే హక్కు ఎక్కడిది?